తొలి ఆల్బమ్ వెనుక రికార్డు కాని ఏళ్లు

సభకు నమస్కారం.

తొలి ఆల్బమ్‌ల మీద మాట్లాడమన్నప్పుడు నాకు ఇష్టమైనవాటి పేర్లు వరుసగా చదివి, ఒక్కొక్కదాని గురించి రెండు మంచి మాటలు చెప్పి కూర్చోవచ్చు. కానీ ఏళ్ల తరబడి ఈ రికార్డులు వింటూ వచ్చాక, వాటిలో నాకు బాగా దగ్గరైనవాటన్నింటికీ ఒక పోలిక ఉన్నదని తోచింది. ఈ సాయంత్రం ఆ ఒక్క విషయమే మీ ముందు పెట్టదలచుకున్నాను. ఒక బ్యాండుదైనా, ఒక గాయకుడిదైనా మొదటి ఆల్బమ్‌ను మనం ఆరంభంగా లెక్కిస్తాము. నేను ప్రేమించే తొలి ఆల్బమ్‌లు మాత్రం అంతకు ముందు ఏ యంత్రమూ పట్టుకోని కొన్ని సంవత్సరాల పనికి ఫలితాలు. స్టూడియోలో గడిచిన గంటలు కొన్నే అయినా, ఆ గంటల వెనుక వందల రాత్రులు ఉంటాయి. ఆ రాత్రులు పాటలో వినిపించాలి. మంచి తొలి ఆల్బమ్‌ను నేను గుర్తుపట్టేది దానితోనే. హైదరాబాదులో కూర్చుని, తెలుగులో కొత్త పాట కోసం ఎదురుచూసే మనకు ఈ విషయం ఎందుకు పట్టాలో కూడా చెబుతాను.

ఇంగ్లండు బ్యాండు బీటిల్స్ మొదటి ఆల్బమ్ ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ 1963 మార్చి 22న విడుదలయింది. అందులో 14 పాటలున్నాయి. నాలుగు అప్పటికే సింగిల్స్‌గా, అంటే విడి పాటల రికార్డులుగా వచ్చినవి. మిగిలిన పదింటినీ ఫిబ్రవరి 11న, లండన్‌లోని ఈఎంఐ స్టూడియోలో, ఉదయం పది గంటలకు మొదలుపెట్టి రాత్రి పదకొండు లోపల రికార్డు చేసేశారు. వాళ్లలో చిన్నవాడైన జార్జ్ హారిసన్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. నిర్మాత జార్జ్ మార్టిన్ మొదట ఈ ఆల్బమ్‌ను లివర్‌పూల్‌లో వాళ్లు రోజూ వాయించే కావెర్న్ క్లబ్బులోనే, శ్రోతల మధ్యనే రికార్డు చేద్దామనుకున్నాడు. ఆ నేలమాళిగ అందుకు అనువుగా లేకపోవడంతో, వేదిక మీద వాయించినట్టే స్టూడియోలో వాయించమన్నాడు. రెండు ట్రాకుల టేపు మీద, తప్పులు దిద్దుకునే వీలు దాదాపు లేకుండా, నలుగురూ కలిసి వాయించినది వాయించినట్టుగానే టేపు మీదికి ఎక్కింది.

ఆ రోజు బ్యాండు గాయకుల్లో ఒకడైన జాన్ లెనన్‌కు జలుబు చేసి ఉంది. గొంతు నిలవదన్న భయంతో అన్నింటికంటే కష్టమైన ‘ట్విస్ట్ అండ్ షౌట్’ను చివరికి దాచారు. మనం ఇప్పటికీ వినేది ఆ రాత్రి పాడిన మొదటి టేకే. ఇంకోసారి ప్రయత్నించారు గాని అప్పటికి గొంతు పూర్తిగా పోయింది. ఆ పాటలో స్వరం చీరుకుపోతున్నట్టు ఉంటుంది; అయినా శ్రుతి తప్పదు, తాళం జారదు, మిగిలిన ముగ్గురూ ఒక్క క్షణం కూడా వెనకబడరు. అలసిపోయిన మనిషి అంత నిబ్బరంగా ఎలా పాడగలిగాడన్న ప్రశ్నకు జవాబు జర్మనీలోని హాంబర్గ్ నగరంలో ఉన్నది. 1960 ఆగస్టు నుంచి 1962 డిసెంబరు దాకా ఈ బ్యాండు ఐదు విడతలుగా ఆ ఓడరేవు పట్టణంలోని రాత్రి క్లబ్బుల్లో వాయించింది. తాగి అరిచే శ్రోతల ముందు, రాత్రికి గంటల కొద్దీ, పాడిన పాటే మళ్లీ పాడకుండా నెట్టుకురావాలి. ఆల్బమ్‌లో ఆరు పాటలు ఇతరులు రాసినవి కావడం కొందరికి లోపంగా కనిపిస్తుంది. నాకు అవే ఆ రికార్డు నిజాయితీకి గుర్తులు. వేదిక మీద అరిగిపోయేదాకా పాడి, తమవి చేసుకున్న పాటలను వాళ్లు దాచుకోలేదు. ఆ ఆల్బమ్ బ్రిటన్‌లో 30 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. దానిని ఆ స్థానం నుంచి దించినది కూడా వాళ్ల రెండో ఆల్బమే.

ఇలాంటిదే మరొకటి క్లుప్తంగా చెబుతాను. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ కార్మిక వాడల నుంచి వచ్చిన బ్లాక్ సబాత్ బ్యాండు తన మొదటి ఆల్బమ్‌ను 1969 అక్టోబరులో సుమారు 12 గంటల్లో వాయించి ముగించింది. 1970 ఫిబ్రవరి 13న అది విడుదలయింది. గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో రేకుల కర్మాగారంలో పనిచేస్తూ రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ సీసాను కరిగించి ఆ వేళ్లకు తొడుగులు చేసుకుని, పలచటి తీగలు బిగించుకుని, వాయించడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాడు. ఆ బరువైన నాదం ఒక్క రోజులో టేపు మీదికి ఎక్కిందంటే, అంతకు ముందు కొన్నేళ్లుగా ఆ వేళ్లు దాన్ని వెతుకుతూ ఉండడం వల్లనే ఎక్కింది.

ఇక న్యూయార్కు రాక్ బ్యాండు వెల్వెట్ అండర్‌గ్రౌండ్. 1967 మార్చిలో వచ్చిన వారి మొదటి ఆల్బమ్ ముఖచిత్రం మీద చిత్రకారుడు ఆండీ వార్‌హోల్ వేసిన అరటిపండు బొమ్మ చాలామందికి తెలుసు. లోపల ఉన్న సంగీతం తెలిసినవారు తక్కువ. దీనిని తెలుగు శ్రోతలకు వినిపించవలసి వచ్చినప్పుడల్లా నేను తంబూరాతో మొదలుపెడతాను. ఆ బ్యాండులోని జాన్ కేల్ అనే వేల్స్ యువకుడు న్యూయార్కుకు వచ్చి, స్వరకర్త లా మాంటే యంగ్ బృందంలో ఒకే స్వరాన్ని గంటల తరబడి నిలబెట్టే సాధన చేశాడు. ఆ లా మాంటే యంగే తరువాత కాలంలో కిరానా ఘరానా గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్‌కు శిష్యుడయ్యాడు. కేల్ తన వయోలాకు మామూలు తీగలు తీసేసి గిటారు తీగలు బిగించుకున్నాడు. బ్యాండు గాయకుడు లూ రీడ్ కొన్ని పాటలకు గిటారు తీగలన్నింటినీ ఒకే స్వరానికి శ్రుతి చేశాడు. డ్రమ్మర్ మో టక్కర్ నిలబడి, ఇత్తడి తాళాలు (సింబల్స్) దాదాపు ముట్టకుండా, గుండె కొట్టుకున్నట్టు డ్రమ్ములు కొట్టింది. ఆ ఆల్బమ్‌లో ‘వీనస్ ఇన్ ఫర్స్’ వింటే, పాశ్చాత్య రాక్ సంగీతం అంతా కార్డుల (కలిపి మోగించే స్వరాల) మార్పుల మీద నడుస్తున్న రోజుల్లో కదలని శ్రుతి మీద ఒక పాటను నిలబెట్టడం ఎంత సాహసమో మన చెవికి వెంటనే తెలుస్తుంది. ఎందుకంటే మన చెవి ఆ శ్రుతిలోనే పుట్టింది.

ఆ ఆల్బమ్ వచ్చినప్పుడు పెద్దగా అమ్ముడుపోలేదు; అమెరికా ఆల్బమ్‌ల అమ్మకాలను లెక్కగట్టే బిల్‌బోర్డు పట్టికలో 171వ స్థానం దాటలేదు. అయితే జాన్ కేల్ కథ అక్కడ ఆగలేదు. ఆయన 1969లో స్టూజెస్ అనే రాక్ బ్యాండు మొదటి ఆల్బమ్‌కు, 1975లో ప్యాటీ స్మిత్ మొదటి ఆల్బమ్ ‘హార్సెస్’కు నిర్మాతగా ఉన్నాడు. ఒక మనిషి మూడు గొప్ప తొలి ఆల్బమ్‌లలో చేయి కలపడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. ప్యాటీ స్మిత్ విషయంలో రికార్డు కాని ఏళ్లు కవిత్వ సభల్లో గడిచాయి. 1971 ఫిబ్రవరిలో న్యూయార్కులోని ఒక చర్చిలో ఆమె కవితలు చదువుతుండగా, లెనీ కే పక్కన గిటారు వాయించాడు. అప్పటి నుంచి నాలుగేళ్లు చదువుతూ, పాడుతూ, చదువుకీ పాటకీ మధ్య గీత చెరిపేస్తూ వచ్చి, ఆమె స్టూడియోలో అడుగుపెట్టింది. కవి సమ్మేళనాల్లో పద్యం రాగంలోకి ఎలా జారుతుందో చిన్నప్పటి నుంచి విన్న మనకు ‘హార్సెస్’ కొత్తగా ఉంటుంది గాని పరాయిగా ఉండదు.

వేదికను స్టూడియోలోకి తేవడం ఎందుకు, స్టూడియో యంత్రాలనే వేదిక దగ్గరికి తీసుకుపోతే పోదా అనుకున్నవారు శక్తి బృందం. 1976లో వచ్చిన వారి మొదటి ఆల్బమ్ 1975 జూలై 5న న్యూయార్కు రాష్ట్రంలోని సౌతాంప్టన్ కళాశాలలో జరిగిన కచేరీ. జాన్ మెక్‌లాలిన్ గిటారు, ఎల్. శంకర్ వయొలిన్, జాకీర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటం, ఆర్. రాఘవన్ మృదంగం. మెక్‌లాలిన్ కర్ణాటక సంగీతాన్ని పద్ధతిగా, వీణ ద్వారా నేర్చుకున్నాడు. మిగిలినవారిలో ముగ్గురు తండ్రుల దగ్గరే కూర్చుని పసితనం నుంచి సాధన చేసినవారు. ఘటానికీ తబలాకీ మధ్య జరిగే ప్రశ్నోత్తరాలలో ఉత్తరాది, దక్షిణాది లెక్కలు ఎదురెదురుగా నిలిచి, చివర ముక్తాయింపు దగ్గర ఒకే మాత్రలో కలుస్తాయి. అక్కడ శ్రోతల చప్పట్లు కూడా రికార్డులో ఉన్నాయి. ఆ చప్పట్లు నాకు పాటలో భాగమే. ఆ బృందం ఇరవై ఏళ్ల తరువాత మళ్లీ కొత్త రూపంలో కలిసినప్పుడు మన పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్ అందులో చేరడం తెలుగువారందరికీ గుర్తుంటుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ వేదికల మీద పుట్టినవి. వేదిక లేకపోతే తొలి ఆల్బమ్ రాదా అని మీరు అడగవచ్చు. అందుకు బోస్టన్ బ్యాండు మొదటి ఆల్బమ్ సమాధానం. 1976లో వచ్చిన ఆ ఆల్బమ్‌ను తయారుచేసిన టామ్ షోల్జ్ మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, పోలరాయిడ్ సంస్థలో ఉద్యోగం చేసేవాడు. పగలు ఉద్యోగం, రాత్రి ఇంటి కింద గదిలో తన చేతులతో అమర్చుకున్న చిన్న స్టూడియో. గిటారు, బేస్, ఆర్గన్ తానే వాయించి, ఒక పొర మీద ఒక పొర పేర్చి, నచ్చనిది చెరిపి, మళ్లీ వాయించి, ఏళ్ల తరబడి అవే పాటలను చెక్కాడు. బ్రాడ్ డెల్ప్ గొంతు దానికి తోడయింది. రికార్డు కంపెనీ పెద్ద స్టూడియోలో మళ్లీ చేయమని కోరినా, ఎక్కువ భాగం ఆ కింది గదిలోనే పూర్తయింది. అమెరికాలోనే 1 కోటి 70 లక్షల ప్రతులకు ధ్రువీకరణ పొందిన ఆల్బమ్ అది. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పగలంతా పనిచేసి, శనివారం రాత్రి అద్దె గదిలో డ్రమ్స్ పెట్టుకుని సాధన చేసే యువకులు ఈ సభలో ఉన్నారని నాకు తెలుసు. మీకు నేను అన్నింటికంటే ముందు వినమని చెప్పేది ఈ ఆల్బమ్‌నే. జీతం తెచ్చే ఉద్యోగం పాటకు అడ్డు కాలేదు. అతనికి కావలసిన ఓపికకు ఆ జీతమే ఆసరా అయింది.

ట్రేసీ చాప్‌మన్ మాట కూడా చెప్పకుండా ముందుకు పోలేను. బోస్టన్ పక్కన హార్వర్డ్ స్క్వేర్‌లో దారిన పోయేవాళ్ల ముందు గిటారుతో పాడిన విద్యార్థిని ఆమె. 1988 ఏప్రిల్‌లో ఆమె మొదటి ఆల్బమ్ వచ్చింది. జూన్ 11న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో నెల్సన్ మండేలా 70వ జన్మదినం సందర్భంగా జరిగిన కచేరీలో ఆమె మధ్యాహ్నమే పాడి దిగిపోయింది. స్టీవీ వండర్‌కు కావలసిన పరికరం ఒకటి కనిపించకపోవడంతో ఆయన తన వంతు వచ్చినప్పుడు పాడలేకపోయాడు. ఖాళీ నింపడానికి ఆమెను మళ్లీ పిలిచారు. ఒక్క గిటారుతో అంత పెద్ద మైదానం ముందు నిలబడి ‘ఫాస్ట్ కార్’ పాడింది. అదృష్టం అని చాలామంది అంటారు. వీధిలో ఆగకుండా పోతున్న మనిషిని పాటతో ఆపడం నేర్చుకున్నవారికే ఆ అదృష్టం అక్కరకు వస్తుందని నా నమ్మకం.

ఇప్పుడు మన నగరానికి వద్దాము. జగ్జీత్ సింగ్ 1965లో బొంబాయి చేరి, ప్రకటనల పాటలు, విందుల్లో గజళ్లు పాడుకుంటూ పదేళ్లకు పైగా గడిపాక, 1976లో చిత్రా సింగ్‌తో కలిసి మొదటి ఎల్‌పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) ‘ది అన్‌ఫర్గెటబుల్స్’ తెచ్చారు. గజల్ పక్కన గిటారును కూర్చోబెట్టడం సంప్రదాయవాదులకు నచ్చలేదు. కానీ ‘బాత్ నికలేగీ తో ఫిర్ దూర్ తలక్ జాయేగీ’ అన్న ఆ నజ్మ్ (ఉర్దూ కవిత) ఉర్దూ అంతగా రానివారి ఇళ్లలోకీ వెళ్లింది. అలా తన దారి తాను వేసుకున్న జగ్జీత్, కొద్ది ఏళ్లకే మన హైదరాబాదు యువకుడు తలత్ అజీజ్‌కు మొదటి ఆల్బమ్ స్వరపరిచి, దాని పేరులో తన పేరును పూచీగా పెట్టారు: ‘జగ్జీత్ సింగ్ ప్రెజెంట్స్ తలత్ అజీజ్’. ఒక పెద్ద గాయకుడు ఒక కొత్త గొంతుకు ఇలా హామీ నిలవడం ఎంత అవసరమో ఆ ఆల్బమ్ చెబుతుంది. తలత్ అజీజ్ గొంతులో నాకు ఇష్టమైనది తొందర లేకపోవడం. షేర్‌లో, అంటే రెండు పాదాల పద్యంలో, మొదటి పాదం చెప్పి, రెండో పాదం కోసం శ్రోతను కూర్చోబెట్టే మెహఫిల్ (గజల్ గోష్ఠి) పద్ధతి. ఇంటి ముంగిట దుప్పటి పరిచి అర్ధరాత్రి దాకా గజల్ విన్న ఊరు ఆ పద్ధతిని ఆయనకు ఇచ్చింది. తరువాత 1982లో, హైదరాబాదు నేపథ్యంగా వచ్చిన ‘బాజార్’ చిత్రంలో మన కవి మఖ్దూం మొహియుద్దీన్ గజల్ ‘ఫిర్ ఛిడీ రాత్ బాత్ ఫూలోం కీ’ని లతా మంగేష్కర్‌తో కలిసి పాడినప్పుడు ఆ ఊరి ఋణం తీరినట్టే అనిపిస్తుంది.

ఉర్దూకు మెహఫిల్ ఉన్నది. తెలుగుకు ఏమున్నది? ఇక్కడ నేను కొంచెం నిలబడాలి, ఎందుకంటే మనలో చాలామందికి ఆల్బమ్ అంటే సినిమా పాటల క్యాసెట్టే. తొలి ఆల్బమ్ అంటే ఒక కొత్త సంగీత దర్శకుడి మొదటి సినిమా. ఆ లెక్కన చూసినా నా మాట నిలుస్తుంది. 1992లో ‘రోజా’ వచ్చినప్పుడు, మిన్మిని గొంతులో ‘చిన్ని చిన్ని ఆశ’ విని, ఇంత కొత్త ధ్వని ఎక్కడి నుంచి ఊడిపడిందని అందరూ అనుకున్నారు. అది ఎక్కడి నుంచీ ఊడిపడలేదు. ఎ.ఆర్. రెహమాన్ బాల్యం నుంచే ఇతరుల రికార్డింగులకు కీబోర్డు వాయించాడు. మన రాజ్-కోటి దగ్గర కూడా పనిచేశాడు. వందల కొద్దీ ప్రకటనలకు స్వరాలు కట్టాడు. ఇంటి దగ్గరే స్టూడియో కట్టుకుని అక్కడ ధ్వనులతో ప్రయోగాలు చేశాడు. పాతికేళ్ల వయసులో చేసిన మొదటి చిత్రానికే జాతీయ పురస్కారం అందుకున్నప్పుడు ఆయన వెనుక పదేళ్లకు పైబడిన అనుభవం ఉన్నది. కీరవాణి విషయమూ అంతే. చక్రవర్తి దగ్గర సహాయకుడిగా పనిచేసిన తరువాతనే 1990లో ‘మనసు మమత’తో ఆయన పేరు తెర మీదికి వచ్చింది.

అయితే సినిమా ఇచ్చే శిక్షణకు ఒక పరిమితి ఉన్నది. అక్కడ పాట ఒక సన్నివేశం కోసం, ఒక నటుడి కోసం పుడుతుంది. గాయకుడు మరొకరు రాసిన మాటను, మరొకరు కట్టిన బాణీలో పాడతాడు. 1996లో ‘పాడుతా తీయగా’ మొదలైనప్పటి నుంచి ఎన్ని మంచి గొంతులు మనకు దొరికాయో చెప్పనక్కరలేదు. కానీ ఆ పోటీలన్నీ పాడిన పాటలను మళ్లీ ఎంత బాగా పాడతావనే అడిగాయి. నీ పాట ఏదని అడిగే చోటు వేరే ఉండాలి. ఒకప్పుడు ఆకాశవాణి అలా అడిగింది. ‘ఈ మాసపు పాట’ కోసం, లలిత సంగీతం కోసం పాలగుమ్మి విశ్వనాథం, బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు చేసిన పాటలు సినిమా అండ లేకుండానే ఇంటింటా పాడుకున్నారు. వాటిని మనం విడి పాటలుగా గుర్తుంచుకున్నాము గాని, ఒక మనిషి లోకాన్ని చూపించే నలభై నిమిషాల ఆల్బమ్‌లుగా వినడం అలవాటు చేసుకోలేదు. మరోవైపు జననాట్యమండలి, గద్దర్ పాటలు ఊరూరా వేదికల మీద జనం నోట నలిగి, పదాలు మారి, పదునెక్కి, ఆ తరువాత క్యాసెట్ల మీదికి వచ్చాయి. బీటిల్స్‌కు హాంబర్గ్ చేసిన పనిని మన జానపదానికి ఆ పల్లె వేదికలు చేశాయని నేను అనుకుంటాను. ఆ పాటల రాజకీయాలతో ఏకీభవించనివారు కూడా ఆ గొంతు వెనుక ఉన్న సాధనను కాదనలేరు.

ఈ నగరంలో తెలుగు బ్యాండ్లు ఇప్పుడు లేకపోలేదు. చౌరస్తా బ్యాండు ‘ఊరెళ్లిపోతా మామ’ పాడినప్పుడు, జానపద పలుకును జమైకా సంగీతమైన రెగే లయ మీద నడిపించిన తీరు చూసి నేను చాలా సంతోషించాను. నగరంలో ఇమడలేని మనిషి గోడును ఏ సినిమా సన్నివేశం అవసరం లేకుండా చెప్పిన పాట అది. ఇలాంటి పాటలు ఇప్పుడు ఒక్కొక్కటిగా యూట్యూబులో విడుదలవుతున్నాయి. ఒక్క పాటతో పేరు వస్తుంది, వెంటనే సినిమా పిలుస్తుంది. సినిమాకు వెళ్లడం తప్పని నేను అనను, ఇల్లు గడవాలి. కానీ ఒక బ్యాండుకు పది సొంత పాటలు కూడబెట్టుకునే తీరిక దొరకాలంటే, వారానికి ఒక రాత్రయినా ఒకే చోట, సినిమా పాటలు అడగని శ్రోతల ముందు గంటసేపు వాయించే వీలుండాలి. కేఫులు, పబ్బులు బ్యాండ్లను పిలుస్తున్నాయి గాని, శ్రోతలు చీటీ పంపి అడిగేది తెలిసిన పాటే. ఆ చీటీ పంపేది మనమే. తెలియని పాటను మొదటిసారి విని, నచ్చకపోయినా రెండోసారి వచ్చి వినే యాభై మంది ఉంటే, ఐదేళ్లలో తెలుగులో ఒక తొలి ఆల్బమ్ తయారవుతుంది. ప్యాటీ స్మిత్ కవితలు చదివిన చర్చిలో ఆమెకు దొరికింది కూడా అలా వినే శ్రోతలే.

ఇక మాటలు ఆపి రికార్డులు విందాము. మొదట శక్తి కచేరీ నుంచి ఘటం, తబలాల భాగం పెడతాను, ఎందుకంటే దానికి ఏ పరిచయమూ అక్కరలేదు. దాని తరువాత ‘వీనస్ ఇన్ ఫర్స్’; ఆ శ్రుతి మీద దృష్టి పెట్టండి. చివరగా తలత్ అజీజ్ మొదటి ఆల్బమ్ నుంచి ఒక గజల్. ఆ తరువాత వేదిక ఖాళీగానే ఉంటుంది. గిటార్లు తెచ్చుకున్నవారు ముగ్గురు నలుగురు నాకు కనిపిస్తున్నారు. తాము సొంతంగా రాసుకున్న పాటలు పాడదలచినవారు పేర్లు ఇవ్వండి. ఎంత పొద్దుపోయినా కూర్చుని వింటాము.